పరకలంటే అంత చులకనా?

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మృగశిర కార్తె ప్రవేశించిన రోజున చేప తినాలన్నది మన తెలంగాణ పల్లెల్లో తాతల నాటి మాట. జూన్ ఏడు, ఎనిమిది తేదీల్లో వస్తుంది ఆ కార్తె. ఎండలు తగ్గి తొలకరి పడే వేళ ఒంటికి వేడి కావాలంటారు పెద్దవాళ్లు. ఆ పూట చేపల బజారుకు పోయి చూడండి. కొర్రమీను తొట్టి చుట్టూ ఒకటే జనం. ధర అడిగితే గుండె గుభేలుమంటుంది. ఖాళీ సంచి చంకన పెట్టుకుని, "మనకెందుకులే" అనుకుంటూ వెనక్కు తిరిగిన ఇల్లాళ్లను ఎంతమందినో చూశాను. నేనూ అలా తిరిగి వచ్చినదాన్నే.

అట్లా వెనక్కు తిరిగిన వాళ్లతోనే ఈవేళ నా మాట. కొర్రమీను సంగతి చెప్పబోవడం లేదు. 2016లో దాన్ని మన రాష్ట్ర చేప అన్నారు, దాని గౌరవం దానికి ఉంది. నేను చెప్పేది ఎవరూ పట్టించుకోని పరకల గురించి.

పరకలంటే తెలియని తెలంగాణ ఆడకూతురు ఉండదు. కొన్ని ఊళ్లలో పర్కలంటారు, కొన్నిచోట్ల పరకపిల్లలంటారు. కోస్తా వైపు పరిగెలంటారు. వేలెడంత చేప, మహా పెరిగితే నాలుగైదు అంగుళాలు. వెండి రేకులా మెరిసే పక్కలు, తోక మొదట్లో నల్లటి చుక్క. చెరువు, కుంట, కాలువ, వరిమడి, నీళ్లు నిలిచిన చోటల్లా ఉంటుంది. దీన్ని ఎవరూ పెంచనక్కరలేదు, మేత పెట్టనక్కరలేదు. బహుశా అందుకే అందరికీ లోకువ. పేరు కూడా అట్లాంటిదే దొరికింది పాపం, గడ్డిపరకలా తీసిపారేశాం.

మాది ఇందల్వాయి. హైదరాబాదు నుంచి ఆర్మూరు మీదుగా పోయే పెద్దరోడ్డు మీద, కామారెడ్డి దాటిన తరువాత వస్తుంది. రైలు స్టేషను కూడా ఉంది. ఒక దిక్కు అడవి, మరో దిక్కు చెరువుల కింద వరి, ఆర్మూరు వైపు పోయినకొద్దీ పసుపు చేలు. మాఘ ఫాల్గుణ మాసాల్లో పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్లాల్లో ఆరబోసే రోజుల తరువాత ఎండలు ముదిరినకొద్దీ చెరువుల్లో నీళ్లు కిందికి దిగుతాయి. అప్పుడే చేపల సంఘం వాళ్లు పెద్ద వల లాగుతారు.

వల ఒడ్డుకు వచ్చేసరికి కట్ట మీద తిరునాళ్లే. బొచ్చెలు, రవ్వలు, మోసులు, బంగారుతీగలు గంపల్లోకి పోతాయి. ఐసు వేసి ఆటోల్లోకి ఎక్కిస్తారు. వల అడుగున మిగిలిన చిన్న చేపలను మాత్రం ఒడ్డు మీద విదిలిస్తారు. కొంగలకు పండగ! "గివి అమ్మరా?" అని ఒకసారి అడిగాను. "తీస్కపోండ్రి అక్కా, గవి ఎవలు కొంటరు? తూకానికి పనికిరావు" అన్నాడు వల మడతపెడుతున్న పిల్లగాడు. తూకానికి పనికిరానిది తినడానికి కూడా పనికిరాదని మనం ఎప్పుడు నేర్చుకున్నామో!

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ పొలం నుంచి వస్తూ మడి గండి దగ్గర పట్టిన పరకలు కొంగున మూటగట్టుకుని తెచ్చేది. మట్టి కంచుడులో పులుసు పెట్టేది. ఒకనాడు మా పుట్టింటి వైపు చుట్టాలు పట్నం నుంచి వచ్చారు. వాళ్ల ముందు ఆ పులుసు పెట్టాలంటే నాకు నామోషీ అనిపించింది. పేదవాళ్ల కూర అనుకుంటారేమోనని కంచుడును మూలకు జరిపి, మీద గంప బోర్లించాను. కోడిగుడ్లు తెప్పించి వండి పెట్టాను. అత్తమ్మ చూసింది, ఏమీ అనలేదు. చుట్టాలు వెళ్లిన తరువాత ఆ గంప ఎత్తి, తన కంచంలో పులుసు పోసుకుని, "బిడ్డా, నీ పెనిమిటి నా కడుపుల ఉన్నప్పుడు నేను తిన్నది గివే" అన్నది. అంతే, ఇంకో మాట లేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మన నామోషీకి పుస్తకాలు కూడా తోడయ్యాయి. చేపల పెంపకం పాఠాల్లో పరకల వంటి చిన్న చేపలకు పెట్టిన పేరు ఏమిటో తెలుసా? కలుపు చేపలు! పెద్ద చేపల పిల్లలను వదిలేముందు చెరువులో కలుపు చేప లేకుండా చెయ్యాలనీ, అందుకు ఇప్పపిండి వేయాలనీ వాటిలో ఉంటుంది. పెంపకందారు లెక్క పెంపకందారుది. వేసిన మేత, ఉన్న మేత అంతా అమ్ముడుపోయే చేపకే దక్కాలంటాడు. కాని అమ్మలారా, కలుపు అన్న మాట మనకు తెలియనిదా? కలుపు తియ్యడానికి పోయిన మనం చేసేదేమిటి? గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మికూర, దొగ్గలికూర ఒడిలో వేసుకుని ఇంటికి వస్తాం. చేనుకు అది కలుపు, పొయ్యికి అది కూర. పరక కూడా అంతే.

ఇది మా అత్తమ్మ మీది ప్రేమకొద్దీ చెబుతున్న మాట కాదు. శకుంతలా థిల్‌స్టెడ్ అని ఒక పోషకాహార శాస్త్రవేత్త ఉన్నారు. ట్రినిడాడ్ దీవిలో, భారతదేశం నుంచి వలసపోయిన వాళ్ల వంశంలో పుట్టారు. బంగ్లాదేశ్‌లో పల్లె జనం రోజూ తినే చిన్న చేపల్లో ఏముందో ఆమె పరీక్షలు చేయించి చూశారు. బెంగాలీలు మోలా అని పిలిచే చిన్న చేపలో ఏ విటమిను మెండుగా ఉందని తేలింది. అదీ ఎక్కువగా కంటిలోనూ, కడుపు భాగంలోనూ ఉందట. ముల్లుతో సహా తినే చిన్న చేపల్లో సున్నపు ధాతువు, ఇనుము, జింకు కూడా ఉన్నాయని తేలింది. అంతకు ముందు అక్కడి చెరువుల్లోనూ ఈ చేపలను మందు వేసి చంపేవారు. రవ్వ, బొచ్చెలతో కలిపి మోలాను పెంచి చూస్తే పెద్ద చేపల దిగుబడి తగ్గలేదు, ఇంట్లోకి చిన్న చేప అదనంగా దొరికింది. ఈ కృషికే ఆమెకు 2021లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

మోలాలో ఉన్నంత ఏ విటమిను మన పరకలో ఉండదు. ఆ మాట దాచను. కాని ముల్లుతో తినే గుణం రెండింటిదీ ఒకటే. పెద్ద చేప ముక్క తిని ముల్లు తీసి పక్కన పెడతాం. సున్నమంతా ఆ ముల్లులోనే పోతుంది. పరకను తలతో, ముల్లుతో నమిలి తింటాం. వంద గ్రాముల ఆవుపాలలో సున్నపు ధాతువు సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. ముల్లుతో తినే చిన్న చేపలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఇంకొక సుగుణం కూడా ఉంది. పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. వాటితోపాటు కాస్త చేప తింటే బాగా పడుతుంది.

మన ఇళ్ల సంగతి చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నదని తేలింది. ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి ఉంది. పరకల పులుసు తింటే ఇదంతా పోతుందని నేను అనను. కడుపుతో ఉన్నవాళ్లు డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మానవద్దు సుమా! కాని ఇంత ఆకలి, ఇంత నీరసం ఇంట్లో పెట్టుకుని, కట్ట మీద చేపలు కొంగలకు వదిలి రావడం న్యాయమేనా అని మాత్రం అడుగుతున్నాను.

ఇక పట్టడం, కడగడం, వండడం చెబుతాను.

పరకలు పట్టడానికి పెద్ద వలలు అక్కరలేదు. వరికోతల ముందు మడిలో నీళ్లు తీసేటప్పుడు చేపలన్నీ పల్లపు మూలకు చేరతాయి. గండి దగ్గర వెదురుబుట్ట అడ్డం పెడితే నీళ్లు పోతాయి, చేపలు నిలుస్తాయి. పిల్లకాలువ అయితే రెండు వైపులా మట్టితో కట్ట వేసి, మధ్య నీళ్లు గిన్నెతో తోడేస్తే అడుగున గలగలలాడుతూ దొరుకుతాయి. పాత చీరెను ఇద్దరు చెరో కొసన పట్టుకుని నీళ్లలో దించితే, మూడో ఆమె అటునుంచి చేపలను అదిలించుకు వస్తుంది. ఇది ఆడపిల్లలకు ఆటకు ఆట, కూరకు కూర. నడుం లోతు మడుగుల్లోకి, గట్లు జారే చోటికి పిల్లలను పోనివ్వకండి.

చెరువులో చేప సంఘం వారి హక్కు. అందుచేత వల లాగే రోజున అడిగి తెచ్చుకోవడం మర్యాద. ఊరికే ఇచ్చినా, చేతిలో ఎంతో కొంత పెట్టండి. వాళ్లదీ రెక్కల కష్టమే. కొనేవాళ్లు ఉన్నారని తెలిస్తే రేపు ఒడ్డున పారబొయ్యరు.

పురుగుల మందు చల్లిన మడిలో, గుళికలు వేసిన మడిలో చేప పట్టవద్దు. మందు కలిపి గాని, బ్లీచింగు పొడి వేసి గాని, కరెంటు పెట్టి గాని పట్టిన చేప ముట్టవద్దు. నీళ్ల మీద తేలి ఉన్న చేపను ఇంటికి తేవద్దు. కళ్లు నిగనిగలాడుతూ, మొప్పలు ఎర్రగా ఉంటేనే తాజా చేప.

పరక చిన్నది గనుక త్వరగా చెడుతుంది. తెచ్చిన వెంటనే కడగాలి, సాయంత్రం చూద్దామంటే పొట్టలు పగులుతాయి. ముందుగా నీళ్లలో వేసి నాచు, నత్తలు, జలగలు ఏరెయ్యండి. జెల్లలు కలిసి ఉంటే విడిగా తియ్యండి. వాటి వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు ముళ్లు ఉంటాయి, గుచ్చుకుంటే గంటసేపు సలుపుతుంది. తరువాత గరుకు బండ మీద పిడికెడు పరకలు పోసి, దొడ్డుప్పు, పొయ్యి బూడిద చల్లి అరచేత్తో రుద్దండి. గ్యాసు పొయ్యి వచ్చి బూడిద లేనివాళ్లు వరిపొట్టు గాని, తవుడు గాని వాడవచ్చు. తోక వైపు నుంచి తల వైపుకు రుద్దితే పొలుసు రాలిపోతుంది.

పొలుసు పోయాక ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, మొప్ప కింద బొటనవేలి గోరుతో చీల్చి, పొట్టను మెల్లగా నొక్కండి. పేగు, దానితో ఆకుపచ్చటి చేదుకట్టు బయటికి వస్తాయి. ఆ చేదుకట్టు చిట్లితే కూరంతా చేదు, అందుకే మెల్లగా అన్నాను. మొప్పలు లాగెయ్యండి. తల మాత్రం తియ్యకండి. నేను కొత్తలో తలలన్నీ తుంచి పారేస్తుంటే మా అత్తమ్మ, "తలకాయ తీస్తే ఇంకేముంటది బిడ్డా, తోకనా?" అని నవ్వేది. చిన్న చేపల కంట్లో విటమిను ఉంటుందని శాస్త్రవేత్తలు చెప్పిన మాట విన్నప్పుడు నాకు ఆ నవ్వే గుర్తుకు వచ్చింది. చివరగా ఉప్పు, పసుపు వేసి నాలుగు నీళ్లు పొయ్యండి. నీసు వాసన ఉందనిపిస్తే పలచటి చింతపండు నీళ్లతో ఇంకొకసారి కడగండి. ఆఖరి నీళ్లు తేటగా రావాలి. అర్ధకిలో చేపకు గంటసేపు పడుతుంది. ఇంట్లో మగవాళ్లను, పిల్లలను కూడా కూర్చోబెట్టండి, తినేది మనం ఒక్కరమే కాదు గదా!

ఇప్పుడు పులుసు. అర్ధకిలో పరకలకు ఉప్పు, అర చెంచా పసుపు, రెండు చెంచాల కారం, దంచిన అల్లం ఎల్లిగడ్డ ముద్ద సగం పట్టించి అరగంట ఉంచండి. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రసం తియ్యండి. రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, పావు చెంచా మెంతులు దోరగా వేయించి పొడి చెయ్యండి. చిన్న ఎండుకొబ్బరి ముక్క కలిపితే చిక్కదనం వస్తుంది. వెడల్పాటి మట్టి కంచుడులో గాని, మందపాటి గిన్నెలో గాని నాలుగు చెంచాల నూనె పోసి, సన్నగా తరిగిన రెండు ఉల్లిగడ్డలు, కరివేపాకు ఎర్రగా వేయించి, మిగిలిన అల్లం ఎల్లిగడ్డ ముద్ద వెయ్యండి. చింతపండు రసం పోసి పచ్చివాసన పోయేదాకా తెర్లనివ్వండి. అప్పుడు పరకలను ఒక్కొక్కటిగా జారవిడిచి, సెగ బాగా తగ్గించి అరగంట ఉడకనివ్వండి. గరిటె పెట్టవద్దు. గుడ్డతో అంచులు పట్టుకుని గిన్నెనే అటూ ఇటూ తిప్పండి. పులుపులో, సన్న సెగ మీద నిదానంగా ఉడికితే ముల్లు మెత్తబడుతుంది. తొందరపడ్డారా, ముల్లు గట్టిగానే ఉంటుంది. దించేముందు పొడి, కొత్తిమీర చల్లండి. పచ్చి మామిడికాయల రోజుల్లో చింతపండు సగం తగ్గించి కాయ ముక్కలు వెయ్యవచ్చు. వండిన పూట కంటే మర్నాడు పొద్దున జొన్నరొట్టెతో తింటే దాని రుచి తెలుస్తుంది.

పులుసు వద్దనే పిల్లలకు వేపుడు చెయ్యండి. ఉప్పు, కారం, పసుపు, కొంచెం బియ్యప్పిండి పట్టించి, పెనం మీద కొద్ది నూనెతో రెండు వైపులా కరకరలాడేట్టు కాల్చితే అప్పడంలా నమిలేస్తారు.

ఎక్కువ దొరికిన రోజున ఎండబెట్టుకోండి. శుభ్రం చేసిన పరకలకు దొడ్డుప్పు పట్టించి ఒక రాత్రి ఉంచి, పొద్దున నీరు ఓడ్చి, నేల మీద కాకుండా మంచం మీదనో తట్టలోనో పరిచి ఎండకు పెట్టండి. ఈగలు వాలకుండా పైన దోమతెర గుడ్డ కప్పండి. మూడు నాలుగు రోజుల ఎండకు, విరిస్తే పుటుక్కున విరగాలి. మూత గట్టి డబ్బాలో పెడితే చింతచిగురు రోజులదాకా ఉంటాయి. చింతచిగురు, ఎండు పరకలు కలిపి వండిన కూర మీకు నేను చెప్పాలా?

ఏడాది నిండిన పసిపిల్లలకు ముల్లున్న చేప అట్లాగే పెట్టకండి, గొంతులో గుచ్చుకుంటుంది. ఉప్పు వేయకుండా ఎండబెట్టిన పరకలను నూనె లేకుండా వేయించి, మెత్తగా దంచి, సన్న గుడ్డలో జల్లించండి. ఆ పొడి చిటికెడు పప్పన్నంలో కలిపి పెట్టండి. పడుతుందో లేదో ఒకటి రెండు రోజులు చూసి పెంచండి.

ఆఖరుగా ఒక్క మాట. 2015 మార్చిలో మా దగ్గరలోని సదాశివనగర్ పాత చెరువు దగ్గరే మిషన్ కాకతీయ మొదలైంది. చెరువుల్లో పూడిక తీశారు. 2016 నుంచి సర్కారు చేపపిల్లలను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మంచిదే, పెద్ద చేపతో సంఘాల ఇళ్లు గడుస్తాయి. పరకకు పిల్ల వెయ్యమని ఎవరూ అడగడం లేదు, అది తనంత తానే వస్తుంది. వచ్చినదాన్ని చంపకుండా ఉంటే చాలు. మనం అంత గౌరవించే కొర్రమీను కూడా ఇట్లాంటి చిన్న చేపలనే తిని బతుకుతుంది. అట్లాగే తొలకరి వరదకు, మత్తడి దూకే చోట, పొట్ట నిండా గుడ్లతో ఎదురెక్కే పరకలు కనిపిస్తాయి. చేతికి అందుతాయి గదా అని వాటిని గంపల కొద్దీ ఎత్తుకోకండి. ఆ నాలుగు రోజులు వదిలేస్తే కోతల నాటికి మడి నిండా మీవే.

ఇప్పుడు మా ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు పరకల కంచుడు ముందు వరుసలోనే పెడుతున్నాను. మా అత్తమ్మ చూడటానికి లేదు. కిందటేడు కడుపుతో ఉన్న మా కోడలు రెండోసారి పులుసు అడిగి పోయించుకుంది. ఆ కంచుడు మీద గంప బోర్లించిన చేయి ఇదే గదా అనిపించింది.

మీ ఇళ్లలో కూడా అట్లా మూలకు జరిపిన కంచుళ్లు ఉంటే, ఈ మృగశిరకు ఒకసారి ముందుకు జరపండి.